వరద తీశాక బడికి: మన కుటుంబాల నడక

ఏటా ఆగస్టు 9న మనం ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బృందం 1982లో అదే తేదీన మొదటిసారి సమావేశమైంది. ఆ గుర్తుగానే ఈ పండుగ. ఆ రోజు కోయల కొమ్ము నృత్యం చూస్తాం, డప్పుకు అడుగు కలుపుతాం, పెద్దలను తలచుకుంటాం. అయితే మన ప్రాంతంలో ఈ పండుగ సరిగ్గా వరదల నడుమ వస్తుంది. 1986లో పండుగ తేదీ దాటి వారం గడిచిందో లేదో, ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. గట్లకు గండ్లు పడి ఉభయ గోదావరి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి.

ఆ వరద గురించి మన పెద్దలను అడిగితే ఎన్ని ఇళ్లు పోయాయో, ఎన్ని పశువులు కొట్టుకుపోయాయో చెబుతారు. ఆ ఏడు ఎంతమంది పిల్లలు బడి మానేశారని అడిగితే మాత్రం కాసేపు మాట్లాడరు. ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోబోయేది ఆ రాయని లెక్క గురించే.

ఒకే నీరు, నాలుగు దారులు

మన కుటుంబాలు ఒక్కచోట లేవు. వేలేరుపాడు, కుక్కునూరు, పోలవరం, బుట్టాయగూడెం వైపు కోయలు, కొండరెడ్లు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల అంచుల్లో ఎరుకలవాళ్లు. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల గట్ల మీద యానాదులు. ఊళ్లు వేరైనా మన దగ్గరికి వచ్చే నీళ్లు కొండల నుంచి సముద్రానికి పోయేవే.

ఎర్రకాలువ ఏజెన్సీ కొండల్లో పుట్టి, కొంగువారిగూడెం జలాశయం దాటి, తాడేపల్లిగూడెం మండలంలోకి దిగుతుంది. పెద్ద వాన పడిందంటే మాధవరం, జగన్నాథపురం, నందమూరు వైపు పొలాలూ దారులూ నీటిలోనే ఉంటాయి. తమ్మిలేరు ఏలూరు పక్కనుంచి కొల్లేటికి చేరుతుంది. బుడమేరు విజయవాడ మీదుగా అక్కడికే వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు ఈ నీళ్లన్నిటినీ పట్టుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదలాలి. ఉప్పుటేరు లాగలేకపోతే నీరు లంక గ్రామాల మీదే నిలుస్తుంది.

2024 సెప్టెంబరులో జరిగింది అదే. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. లోకమంతా ఆ దృశ్యాలు చూసింది. ఆ నీరే తర్వాతి రోజుల్లో కొల్లేటికి చేరింది. మండవల్లి మండలంలో పెనుమాకలంక, ఇంగిలిపాకలంక వంటి ఊళ్ల దారులు మునిగి, పడవే దిక్కయింది. నగరంలో నీరు తీసి బళ్లు తెరిచే వేళకు లంకల్లో వరద ఇంకా మొదటి వారంలోనే ఉంది. ఎగువన సెలవులు ముగిసినంత మాత్రాన దిగువన బడి తెరుచుకోదు.

బడి తెరిచిన పది రోజులకే

మన బడి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. వరద జూలైలో వస్తుంది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన బిడ్డకు టీచరమ్మ ముఖం కూడా ఇంకా పూర్తిగా అలవాటు కాని సమయం అది.

2022 సంగతి చూడండి. కరోనా వల్ల రెండేళ్లు చదువు దెబ్బతింది. ఆ ఏడు రాష్ట్రంలో బళ్లు జూలై 5న తెరిచారు. కొత్త సంచులు, బూట్లు, పుస్తకాల కిట్ల పంపిణీ ఆ రోజునే మొదలైంది. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మధ్యలో ఉన్నవి పదకొండు రోజులు. అప్పటికి ఏలూరు జిల్లా ఏర్పడి నాలుగు నెలలు కూడా కాలేదు. వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో మన కుటుంబాలు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నాయి. రెండేళ్ల తర్వాత తిన్నగా మొదలైన చదువు రెండు వారాలైనా సాగలేదు.

రెండేళ్లకే మళ్లీ దెబ్బ. 2024 జూలై 18 రాత్రి అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో ఉంది, దెబ్బ తగిలింది దిగువనున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాలకు కూడా. అప్పుడూ బళ్లు తెరిచి నెలే అయింది.

పిల్ల ఎందుకు తిరిగి రాదు?

నీరు తీస్తుంది. బడి కడిగి తలుపులు తీస్తారు. చాలామంది పిల్లలు వస్తారు. కొందరు రారు. రాని పిల్లల ఇళ్లకు వెళ్లి చూస్తే కారణాలు మూడు నాలుగే కనిపిస్తాయి.

మొదటిది పని. చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే యానాది కుటుంబానికి ఆ గుడిసే ఇల్లు, ఆ కాపలాయే జీతం. చెరువు కొట్టుకుపోతే రెండూ ఒక్కరోజులోనే పోతాయి. వాళ్లు ఇంకో చెరువు వెతుక్కుంటూ ఇంకో మండలానికి పోతారు. పిల్లలూ వాళ్ల వెంటే. తాడేపల్లిగూడెం వైపు ఎరుకల ఇంట్లో పందులు పోయి, బుట్టలల్లే ఈత బరిగెలు, వెదురు తడిసి కుళ్లిపోతే అప్పు తప్పదు. అప్పు తీరాలంటే పెద్దపిల్ల కూడా పనికి పోవాలి, లేదా చంటివాణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోవాలి.

రెండోది కాగితం. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ ఒకే ప్లాస్టిక్ సంచిలో చూరుకు కట్టి ఉంటాయి. వరద ఆ సంచిని తీసుకుపోతుంది. కొత్త ఊళ్లో బడికి వెళితే ముందు కాగితాలు అడుగుతారు. తల్లి మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తుంది.

మూడోది బడే. వరదలో ఊరంతటికీ గట్టి కప్పు ఉన్న చోటు బడి. అందుకే అది పునరావాస కేంద్రం అవుతుంది, అయ్యవార్లకు సహాయక విధులు పడతాయి. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ జనాభా లెక్కలు, ఎన్నికలతో పాటు విపత్తు సహాయానికి కూడా ఉపాధ్యాయులను వాడుకోవడానికి వీలిచ్చింది. అది తప్పు కాదు. ప్రాణం ముందు. కానీ ఆ రోజుల్లో చదువు ఆగిందన్న సంగతి ఏ నష్టం జాబితాలోనూ ఎక్కదు.

నాలుగోది మన పెద్దలు ఎక్కువగా బయటికి చెప్పనిది. బ్రిటిషువాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. దాని కింద ఎన్నో ఎరుకల కుటుంబాలను నమోదు చేశారు. మన తాతలు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఆ చట్టంపై పోరాడారు. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గాని, పుస్తకంలో మన పేరు రాసుకునేవాడిని చూస్తే కలిగే జంకు వెంటనే పోలేదు. బడి హాజరుపట్టీ, ఆ పాత హాజరు ఒకటి కావని ఒక తరం నమ్మడానికి చాలాకాలం పట్టింది. "మళ్లీ బడికి పంపండి" అని కొత్తవాళ్లు వచ్చి గద్దిస్తే ఆ ఇంట్లో తలుపు మూసుకుంటుంది. మన వాడే వచ్చి అరుగు మీద కూర్చుని మాట్లాడితే తెరుచుకుంటుంది.

చట్టం మన చేతికిచ్చినవి

1986కూ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ చదువును హక్కు చేసింది. అందులో వరద కుటుంబాలకు పనికొచ్చే మాటలు ప్రతి యువకుడికీ, యువతికీ నోటికి రావాలి.

టీసీ రావడం ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు, నిరాకరించకూడదు (5వ సెక్షన్). వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు (14వ సెక్షన్). చేరే గడువు దాటిందని కాదనకూడదు (15వ సెక్షన్). ఎనిమిదో తరగతి ముగిసేదాకా బిడ్డను బడి నుంచి తీసేయకూడదు (16వ సెక్షన్). ఏళ్ల తరబడి చదువు ఆగిపోతే వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి (4వ సెక్షన్). అంటే పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయనక్కర్లేదు.

తల్లిదండ్రులు పనికోసం తిరగక తప్పని ఇళ్లకు గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు ఉన్నాయి. బడి మానేసిన ఆడపిల్లల కోసమే 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. ఏజెన్సీ వాళ్లకు కె.ఆర్.పురం ఐటీడీఏ ఉంది. పోలవరం నిర్వాసితులై తాడువాయి వంటి కాలనీలకు వచ్చిన కుటుంబాలకు కూడా ఈ చట్టమే వర్తిస్తుంది. బిడ్డ ఊరు మారినా హక్కు మారదు.

ఇక మన వంతు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బియ్యం మూటలు మోయడానికి, పడవ తోయడానికి మీరు ప్రతి వరదలోనూ ముందే ఉన్నారు. అది మనకు గర్వం. కానీ మన సాయం నీరు తీసిన రోజుతో ఆగిపోతోంది. పిల్లల విషయంలో అసలు పని మొదలయ్యేది ఆ రోజే.

వరదకు ముందే ప్రతి గూడెంలో, ప్రతి గట్టు మీద బడికి పోయే పిల్లల పేర్లు, తరగతులు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వాళ్ల కాగితాలు ఫోనులో ఫొటో తీసి, ఇంటివాళ్ల అనుమతితో భద్రపరచండి. బడి మళ్లీ తెరిచిన మొదటి వారమే ఆ నోటుపుస్తకాన్ని హెడ్‌మాస్టరు దగ్గరి హాజరుపట్టీతో సరిచూడండి. రాని పేరు కనబడితే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి. పిల్లను గద్దించవద్దు, అమ్మను అడగండి: పని పోయిందా, కాగితం పోయిందా, చంటివాణ్ణి చూసేవాళ్లు లేరా? కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. కుటుంబం వేరే మండలానికి పోయి ఉంటే అక్కడి మన వాళ్లకు ఫోను చేసి, దగ్గరి బడిలో చేర్పించే దాకా వదలవద్దు.

నలభై ఏళ్ల కిందటి వరదలో బడి మానేసిన మన పిల్లల పేర్లు ఇప్పుడు మనం తిరిగి రాయలేం. వాళ్లలో కొందరు ఈ సంచిక చదివే మీకు అమ్మానాన్నలే కావచ్చు. వచ్చే వరద తర్వాత లెక్క రాసేది మనమే. ఆ పుస్తకంలో ప్రతి పేరుకు ఎదురుగా "తిరిగి చేరింది" అని రాయగలిగితే, మన పెద్దల ముందు తలెత్తుకుని పండుగ చేసుకోవచ్చు.