నీటి వాసనకు బొగ్గు మందు

చిల్లగింజ అరగదీసి కలిపితే బురదనీరు తేరుకుంటుందని మన పెద్దలకు తెలుసు. మరి వాసన మాటేమిటి? దానికి మందు బొగ్గే.

1785లో రష్యాలోని పీటర్స్‌బర్గులో లోవిట్జ్ అనే రసాయనజ్ఞుడు ద్రావణాల రంగును బొగ్గు లాగివేయడం గమనించాడు. మురిగిన నీటి కంపును కూడా అది పోగొడుతుందని తరువాత చూపాడు. 1900 ప్రాంతంలో ఆస్ట్రేకో అనే ఆయన బొగ్గును ఉత్తేజపరచే పద్ధతులకు పేటెంట్లు పొందాడు. కొబ్బరిచిప్పల బొగ్గును ఆవిరిలో బాగా కాలిస్తే కంటికానని రంధ్రాలు తెరుచుకుంటాయి. మేలురకం బొగ్గు నాలుగైదు గ్రాములుంటే దాని లోపలి వైశాల్యం సుమారు ఎకరం పొలమంత, చూడండి! వాసన పదార్థాలు ఆ గోడలకే అంటుకుపోతాయి.

1930లో అమెరికాలో, న్యూజెర్సీలోని న్యూమిల్‌ఫర్డ్ నీటి కేంద్రంలో స్పాల్డింగ్ ఈ బొగ్గుపొడిని ఊరి నీటికి వాడాడు. తొలకరిలో మట్టివాసననిచ్చే పదార్థమే చెరువు నీటిలోనూ చేరుతుంది; 1965లో దానికి జియోస్మిన్ అని పేరు పెట్టారు. పొలంలో హాయి, చెంబులో ఎబ్బెట్టు! దాన్నీ బొగ్గు పట్టేస్తుంది.

అయితే ఒక్కమాట. వాసన పోయినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. బొగ్గులో వడకట్టినా సరే, నీళ్లు కాచి చల్లార్చే తాగాలి. రంధ్రాలు నిండిన బొగ్గు పనిచేయదు, మార్చాలి.