వండూర్‌లో ఇంటి ఖర్చు: ఓడలో వచ్చే సరుకు, ఇంట్లో తగ్గే బిల్లు

వండూర్ (దక్షిణ అండమాన్): అండమాన్ నికోబార్ దీవుల్లో కిరాణా సరుకుల ధరలను చాలావరకు నిర్ణయించేది ఓడల రాకపోకలే. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై రేవు దాదాపు 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,200 కిలోమీటర్లు, కోల్‌కతా 1,255 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పప్పులు, నూనె, ఉల్లి, బంగాళాదుంప వంటివి అక్కడి నుంచే రావాలి. అక్కడ దిగిన సరుకు మరో పాతిక కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణిస్తేగానీ వండూర్ దుకాణానికి చేరదు. సముద్రం అల్లకల్లోలమై ఓడ ఆలస్యమైతే, ఆ ఆలస్యానికి మూల్యం వినియోగదారుడే చెల్లించాలి.

ఈ దీవుల్లో ఇంటి ఖర్చు తగ్గించుకోవడమంటే అయినకాడికి కడుపు మాడ్చుకోవడం కాదు. ధర కుటుంబం చేతిలో ఉండదు. ఎప్పుడు కొనాలి, ఏది కొనకుండా గడపవచ్చు, ఆదాయం నిలిచిపోయే నెలలకు ఎంత పక్కన పెట్టాలి అన్న మూడు నిర్ణయాలు మాత్రం చేతిలో ఉంటాయి. వీటిలో మూడోది తప్పితే, మొదటి రెండింటి వల్ల మిగిలినదంతా వడ్డీకి పోతుంది.

తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3.81 లక్షలు కాగా, అందులో 13 శాతానికి పైగా, అంటే 50 వేల మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు వీరిలో గణనీయంగా ఉన్నాయి.

నేల కుంగిన చోట కూరగాయల కొరత

సరుకు కోసం ప్రధాన భూభాగం వైపు చూడవలసి రావడానికి దూరం ఒక్కటే కారణం కాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీల తర్వాత దక్షిణ అండమాన్‌లో భూమి సుమారు ఒక మీటరు మేర కుంగిపోయింది. తీరంలోని పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు చేరి, చాలాచోట్ల తిరిగి వెళ్లలేదు. వరి, కూరగాయలు పండిన భూములు ఆ తర్వాత పోటుకు మునుగుతూ పాటుకు తేలుతూ ఉండిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇటువంటి పల్లపు భూముల కోసం ఎత్తైన వెడల్పు మడులు, వాటి మధ్య లోతైన కాలువలు తవ్వే పద్ధతిని ప్రోత్సహించింది. మడి మీద కూరగాయలు, కాలువలో చేపలు పెంచవచ్చు. వాన నీరు మడిలోని ఉప్పును క్రమంగా కడిగేస్తుంది.

ఇంటి పెరడుకు కూడా ఇదే సూత్రం పనికి వస్తుంది. వండూర్ పరిసరాల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, మే నెల నుంచి డిసెంబరు వరకు నీటికి లోటుండదు. నీరు నిలవని ఎత్తైన మడిలో తోటకూర, బచ్చలి, గోంగూర, బెండ, దగ్గరలో ఒక మునగ చెట్టు ఉంటే ఆకుకూరల ఖర్చు దాదాపు తొలగిపోతుంది. ఓడలో వచ్చే కూరగాయల్లో త్వరగా వాడిపోయేవి, అందువల్ల ప్రియమయ్యేవి ఆకుకూరలే. ఉల్లి, బంగాళాదుంప పండించబోవడం ఇక్కడ శ్రమ దండుగ, వాటిని ఓడ వచ్చిన వారంలో నెలకు సరిపడా కొని గాలి తగిలే చోట ఆరబోసుకోవడమే మేలు. చేపలు విరివిగా పడే నెలల్లో నెత్తళ్లు, కవ్వలు ఎండబెట్టి దాచుకోవడం ఉత్తరాంధ్ర తీరపు ఇళ్లలో తరతరాల అలవాటు. వేట లేని రోజుల్లో మాంసకృత్తులకు అంతకంటే చౌకైన మార్గం లేదు.

డబ్బు నిజంగా ఎక్కడికి పోతోంది?

ఖర్చు తగ్గించాలనుకోగానే చాలామంది చూపు బియ్యం మీద పడుతుంది. లెక్కలు మరో మాట చెబుతున్నాయి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల సగటు తలసరి నెలసరి వ్యయం రూ. 4,122. అందులో ఆహారం వాటా 47 శాతం. తృణధాన్యాల వాటా 5 శాతానికి అటూ ఇటూ మాత్రమే ఉండగా, పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహార పదార్థాల వాటా 9.84 శాతం ఉంది. (అండమాన్‌లోని చేరుకోవడానికి వీలుకాని కొన్ని గ్రామాలను మినహాయించి ఈ సర్వే దేశమంతటా జరుగుతుంది.)

ఈ సగటును నలుగురున్న ఇంటికి అన్వయిస్తే నెల ఖర్చు సుమారు రూ. 16,500, అందులో బిస్కెట్లు, చిప్స్, సీసా పానీయాలు, బయటి టిఫిన్ల పద్దు సుమారు రూ. 1,600. బియ్యం, గోధుమల పద్దు దానిలో సగమే. అందుచేత మొదట కత్తెర పడవలసింది అన్నం మీద కాదు. ఒక నెలపాటు ప్రతి కొనుగోలును నోటు పుస్తకంలో రాస్తే, ఏ పద్దు ఎంత మింగుతోందో ఏ సర్వే అవసరం లేకుండానే తెలుస్తుంది.

బియ్యం విషయంలో చేయవలసింది హక్కును వాడుకోవడం. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం లభిస్తుంది. 2023 జనవరి నుంచి ఇది ఉచితం, 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లకు పొడిగించారు. నలుగురికి 20 కిలోలు వస్తాయి. రోజుకు కిలో బియ్యం వండే ఇంట్లో ఇక పది రోజులకు సరిపడా కొంటే చాలు. 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' విధానం 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో అమలులోకి వచ్చింది. శ్రీకాకుళంలో కార్డు ఉండి అండమాన్‌లో పనిచేస్తున్న వ్యక్తి తన వాటాను ఇక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మిగిలిన వాటాను ఊళ్లో ఉన్న కుటుంబం తీసుకోవచ్చు. అయితే కార్డు జాతీయ చట్టం కిందిదై, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఈ సౌకర్యం వర్తించదు.

ప్యాకెట్ సరుకుల విషయంలో రెండు అంశాలు గమనించాలి. గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి, రవాణా పేరుతో దానిపై అదనంగా వసూలు చేయడం దీవుల్లోనైనా చట్టవిరుద్ధమే. ఇక 2024 జనవరి నుంచి ప్యాకెట్‌పై 'యూనిట్ అమ్మకపు ధర' ముద్రించడం తప్పనిసరి. కిలోకు తక్కువ బరువున్న వాటిపై గ్రాముకు ఎంతో, కిలోకు మించిన వాటిపై కిలోకు ఎంతో కనబడుతుంది. పది రూపాయల చిన్న ప్యాకెట్ చౌక అన్న భ్రమ ఆ ఒక్క అంకెతో తొలగుతుంది. కొన్నిసార్లు పెద్ద ప్యాకెట్టే ప్రియం అని తేలడమూ ఉంటుంది, కనుక చదవకుండా పెద్దది ఎంచుకోవడం కూడా సరి కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనెలపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి రూ. 118 ఉన్న వస్తువు రూ. 105కు రావాలి.

కరెంటు బిల్లు: పై శ్లాబులోని యూనిట్లు

అండమాన్ విద్యుత్తు చాలాకాలంగా డీజిల్ జనరేటర్లపై ఆధారపడి ఉంది. గారాచర్మలో ఎన్టీపీసీ నెలకొల్పిన 5 మెగావాట్ల కేంద్రం, ఎన్ఎల్‌సీ నిర్మించిన 20 మెగావాట్ల సౌర కేంద్రాలు ఆ భారాన్ని కొంత తగ్గించాయి. ఉత్పత్తి వ్యయం వినియోగదారుడు చెల్లించే ధర కంటే ఎంతో ఎక్కువ. గృహ వినియోగ ధరలు శ్లాబుల వారీగా ఉంటాయి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. దీనివల్ల ఒక మేలుంది: ఆదా చేసే ప్రతి యూనిట్ అన్నిటికంటే పై శ్లాబు నుంచి, అంటే ఎక్కువ ధరకు కొంటున్న యూనిట్ల నుంచే తగ్గుతుంది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటు కంటే అసలు ఆదా ఎక్కువే.

ఉక్కపోత ఏడాదంతా ఉండే చోట మొదట చూడవలసింది సీలింగ్ ఫ్యాన్. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 33.75 యూనిట్లు. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అంతే సేపు తిరిగినా 12.6 యూనిట్లు చాలు. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో నెలకు 63 యూనిట్లు తగ్గుతాయి. కొత్త ఫ్యాన్ ఖరీదు ఎక్కువే కనుక మూడింటినీ ఒకేసారి మార్చనక్కరలేదు, పడక గదిలోది ముందు మార్చితే చాలు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి.

సొంత ఇల్లు, ఎండ పడే కప్పు ఉన్నవారికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఉంది. సాధారణ రాష్ట్రాల్లో 3 కిలోవాట్లకు గరిష్ఠ రాయితీ రూ. 78,000 కాగా, ప్రత్యేక వర్గంలో ఉన్న అండమాన్‌కు రూ. 85,800. అద్దె ఇళ్లలో ఉండేవారికి దీనితో పనిలేదు.

పదమూడో రీచార్జి

2020 ఆగస్టులో చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ వేగం పెరిగింది, ఇంటికి ఒక కొత్త బిల్లూ వచ్చింది. 28 రోజుల ప్లాన్ వేసుకునేవారు ఏడాదికి 12 కాదు, 13 సార్లు చెల్లిస్తారు. ముగ్గురికి ఫోన్లుంటే మూడు అదనపు రీచార్జిలు. 30 రోజుల ప్లాన్‌నూ, ప్రతి నెలా ఒకే తేదీన చెల్లించే ప్లాన్‌నూ కనీసం ఒక్కొక్కటైనా ఇవ్వాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. ఇవి ప్రకటనల్లో కనిపించవు, జాబితాలో వెతకాలి.

వేట లేని 61 రోజులు

వండూర్ వంటి ఊళ్లలో ఆదాయం నెల జీతంలా రాదు. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనానికి వచ్చే పర్యాటకులపై ఆధారపడినవారికి వానాకాలం మందకొడి. మత్స్యకారులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల కేంద్ర నిషేధం తూర్పు తీరంతో పాటు అండమాన్‌కూ వర్తిస్తుంది. ప్రాదేశిక జలాలకు వెలుపల యాంత్రిక వేటకు ఇది అడ్డు. యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నా, నైరుతి గాలులకు అవీ ఒడ్డు విడిచి వెళ్లడం కష్టమే.

ఏడాదంతా కూడబెట్టిన పొదుపు ఈ రెండు నెలల్లోనే కరుగుతుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి రూ. 20,000 తెస్తే మూడు నెలలకు రూ. 1,800 వడ్డీ. అంటే, ఫ్యాన్లు మార్చి, ప్యాకెట్లు చదివి మిగిల్చిన సొమ్మంతా అక్కడికే పోతుంది. అదే మొత్తం కిసాన్ క్రెడిట్ కార్డుపై తీసుకుని గడువులోగా చెల్లిస్తే, 4 శాతం వార్షిక వడ్డీ చొప్పున రూ. 200 అవుతుంది. ఈ కార్డు 2018-19 నుంచి మత్స్యకారులకూ వర్తిస్తోంది. దరఖాస్తు జనవరిలోనే పెట్టాలి, ఏప్రిల్ వచ్చాక బ్యాంకు చుట్టూ తిరిగితే డబ్బు చేతికి వచ్చేసరికి నిషేధం ముగుస్తుంది.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మరో ఏర్పాటు ఉంది. అర్హులైన సంప్రదాయ మత్స్యకారుడు తన వంతుగా రూ. 1,500 జమ చేస్తే ప్రభుత్వం రూ. 3,000 కలిపి, వేట లేని మూడు నెలల్లో నెలకు రూ. 1,500 చొప్పున చెల్లిస్తుంది. కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రభుత్వ వాటా మొత్తం కేంద్రానిదే. ఆంధ్రప్రదేశ్ తన మత్స్యకారులకు 2025లో నిషేధ భృతిని రూ. 20,000కు పెంచింది. దానితో పోలిస్తే ఈ మొత్తం చిన్నదే, అయినా అప్పు అవసరాన్ని ఆ మేరకు తగ్గిస్తుంది.

సూక్ష్మరుణ సంస్థల నుంచి అప్పు తీసుకునేవారు ఒక నిబంధన తెలుసుకోవాలి. ఏడాదికి రూ. 3 లక్షల వరకు ఆదాయమున్న కుటుంబాల నెలవారీ వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదని రిజర్వు బ్యాంకు 2022లో నిర్దేశించింది. లెక్కకు తీసుకునేది ఏడాది సగటు. సగటున నెలకు రూ. 20,000 వచ్చే ఇంటికి రూ. 10,000 వాయిదా నిబంధనల ప్రకారం సరైనదే, కానీ మే నెలలో ఆ ఇంటికి వచ్చేది రూ. 6,000 కావచ్చు. వాయిదా ఎంత ఉండాలో నిర్ణయించుకునేటప్పుడు మే నెల ఆదాయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. వేట బాగున్న నెలల్లో మిగిలే సొమ్మును ఖాతాలో విడిగా ఉంచి, నిషేధ కాలపు వాయిదాలు దాని నుంచి చెల్లించవచ్చు.