విజయవాడ స్టేషనూ, మా ఇంటి చోకూ



మన గ్రూపులో పాత రేడియోల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ముందు విజయవాడ బాగా వచ్చేదండీ, తర్వాత స్టేషను వీకైపోయింది" అంటారు. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. అది తప్పని నాకు తెలిసింది 2012లో, కరెంటు కోతల కాలంలో. ఆ కథ రాస్తాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మాది గుమ్మిడిపూండి. నా చదువంతా తమిళమే. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తర్వాత, గూడూరు వైపు స్టేషన్ల బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. మరి తెలుగు వాక్యం ఎక్కడ నేర్చానంటే రేడియోలో. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. మద్రాసు మాకు పక్కనే, గట్టిగా వచ్చేది. విజయవాడ మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. అంత దూరం నుండి పగటిపూట సన్నగా వచ్చేది. నాయన వేపచెట్టు కొమ్మకూ ఇంటి కప్పుకూ మధ్య రాగితీగ కట్టి రేడియోకు కలిపాడు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి భారతం వచ్చే వేళకు మా ఇంట్లో ఎవ్వరూ గట్టిగా దగ్గకూడదు. అమ్మకు చదువు రాదు. కానీ ధర్మరాజు జూదం ఆడిన ఘట్టం ఉషశ్రీ గారి గొంతుతోనే చెప్పేది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి.

1990ల చివర్లో నేనే ఇంటికి ఎలక్ట్రానిక్ చోకులు తెచ్చి పెట్టాను. పాత చోకు బరువు, గుయ్యిమంటుంది, లైటు నాలుగుసార్లు మిణికి గానీ వెలగదు. కొత్తది అరచేతిలో పడుతుంది, స్విచ్చి వెయ్యగానే వెలుగుతుంది, కరెంటు మిగులుతుంది. ఎవరు వద్దంటారు? ఆ తర్వాత సీఎఫ్ఎల్, ఆ తర్వాత ఎల్ఈడీ. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ఈ మధ్యలో ఎప్పుడో విజయవాడ మా ఇంట్లో కరకరలో మునిగిపోయింది. అమ్మ కొన్నాళ్ళు ముల్లు తిప్పి చూసి వదిలేసింది.

2012లో ఒక రాత్రి వీధంతా కరెంటు పోయింది. చీకట్లో తోచక అటక మీది ట్రాన్సిస్టరు దించి బ్యాటరీలు వేశాను. 837 దగ్గర విజయవాడ, ఎదురింట్లో మాట్లాడినట్టు! గంట తర్వాత కరెంటు వచ్చింది. స్టేషను పోయింది. ఒక్కొక్క లైటే ఆర్పుతూ వచ్చాను. వంటింటి ట్యూబ్‌లైటు ఆర్పగానే సగం మళ్ళీ వచ్చింది. మిగతా సగం పక్కిళ్ళది.

ఎందుకని చెప్తాను. ట్యూబ్‌లైటు ఒకసారి అంటుకుంటే కరెంటును అంతులేకుండా లాగుతుంది, దాన్ని పట్టి ఉంచేది చోకు. ఇనుప చోకు పని సెకనుకు 50 సార్లే. ఎలక్ట్రానిక్ చోకు అదే పని సెకనుకు ఇరవై వేలు, నలభై వేల సార్లు కరెంటును తెంపి కలుపుతూ చేస్తుంది. అంత గబగబా తెంపితే దాని గుణిజాలన్నీ పుడతాయి. 40 కిలోహెర్ట్జ్ చోకు అనుకోండి, 21వ గుణిజం 840. విజయవాడకు మూడే తేడా. ఆ తేడాయే మూడు వేల హెర్ట్జ్ ఈలగా చెవిలో పడుతుంది. చోకు వేడెక్కేకొద్దీ ఈల స్థాయి జరుగుతుంది కూడా. దీన్ని ఆపడానికి చోకు లోపలే చిన్న తీగచుట్టా, రెండు కెపాసిటర్లూ పెట్టాలి. పెట్టకపోయినా లైటు వెలుగుతుంది, కొన్నవాడికి తేడా తెలీదు. అందుకని చౌక సరుకులో ముందు ఎగిరిపోయేది అదే.

ఇదే గోల అమెరికాలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ చోకును బ్యాలస్ట్ అంటారు. కాలిఫోర్నియాలో 1996లో మందుగా గంజాయికి అనుమతి వచ్చింది, 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు మామూలుగానే ఒప్పుకుంటూ ఓటేశాయి. జనం ఇళ్ళల్లో, షెడ్లలో మొక్కలు పెంచారు. సూర్యుడికి బదులు వెయ్యి వాట్ల సోడియం దీపాలు, వాటికి డిజిటల్ బ్యాలస్టులు. మొక్క పెరిగేటప్పుడు రోజుకు 18 గంటలు, పూత కాలంలో 12 గంటలు వెలగాలి. బ్యాలస్టు నుండి దీపానికి పోయే పొడుగు తీగ మా నాయన రాగితీగలాంటిదే. కాకపోతే అది వినే తీగ, ఇది అరిచే తీగ. ఊరికి తెలియకూడదని కిటికీలకు నల్లగుడ్డ కప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పాపం, బ్యాలస్టు మాత్రం వీధంతా చాటింపు వేసేది. చుట్టుపక్కల హామ్ రేడియో వాళ్ళు చేతి రేడియో పట్టుకుని ఏ ఇల్లో కనుక్కునేవాళ్ళు.

వాళ్ళ సంఘం అమెరికన్ రేడియో రిలే లీగ్, 1914 నాటిది. వాళ్ళు తిట్టుకుంటూ కూర్చోలేదు. అంగట్లో ఒక బ్యాలస్టు కొని తమ ల్యాబులో కొలిచారు. చట్టం ఒప్పుకున్న హద్దుకన్నా 58 డెసిబెల్ దాకా ఎక్కువ, అంటే శక్తిలో ఆరు లక్షల రెట్లకు పైన. 2014 మార్చిలో ఆ లెక్కతో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనుకు ఫిర్యాదు రాశారు, అమ్మకం ఆపించమని. అక్కడి నియమం ప్రకారం చప్పుడు చేసేవాడిదే బాధ్యత, వినేవాడిది కాదు.

రైల్వేలో నేను చూసిందీ అదే. పట్టాల మీద 25 వేల వోల్టుల తీగ వేసే చోట, పక్కనే స్తంభాల మీద పోయే టెలిఫోను తీగల్లో గోల పుడుతుంది. అందుకని ఆ తీగల్ని కేబులు చేసి భూమిలో వేశారు, ఆ ఖర్చు విద్యుదీకరణ లెక్కలోనే. ఎవరూ "ఫోను వీకైపోయింది" అని ఊరుకోలేదు. మనం మాత్రం అమ్మ ముల్లు తిప్పడం మానేస్తే ముసలితనం అనుకున్నాం. నా పిల్లలు ఆ ఇంట్లో విజయవాడ వినకుండానే పెరిగారు. వాళ్ళ తెలుగు ఎలా ఉంటుందో మీకు తెలుసు, మీ ఇళ్ళల్లోనూ అంతే. తప్పంతా చోకుదే అనను, టీవీ కూడా వచ్చింది. కానీ మా ఇంట్లో అడ్డం పెట్టింది నేనే, నా జీతంతో కొని.

ఇప్పుడు మనవడి ఫోనులో విజయవాడ గరగర లేకుండా వస్తుంది. సంతోషమే. నా దగ్గర మాత్రం ఒక క్యాసెట్టు ఉంది. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టిన ఏదో నాటకం. దాని వెనక సన్నగా ఈల, మధ్యలో అమ్మ గొంతు: "ఆ లైటు ఆపరా, ఏమీ ఇనపడలే." ఆ రోజు నేను లైటు ఆపలేదు. అమ్మ గొంతు నా దగ్గర మిగిలింది ఆ ఒక్క చోటే.

మీ ఇళ్ళల్లో ఇలా రేడియో నుండి పట్టిన క్యాసెట్లు ఉంటే పారెయ్యకండి. వచ్చే నెల సంఘం మీటింగుకు తీసుకురండి. నా టేపురికార్డరు ఇంకా ఆడుతుంది, బెల్టు మార్పించాను.