సముద్రము దాటి వచ్చిన చదువు

ప్రపంచ సమస్యలు, మానవజాతి వైవిధ్యము అను విషయములను నేడు విశ్వవిద్యాలయములలో ప్రత్యేకముగా బోధించుచున్నారు. ఇది క్రొత్త విద్య యని పలువురి తలంపు. పేరు క్రొత్తదే కాని పని పాతది. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలతో సంబంధము గల మువ్వురు ఈ విద్యను నూరేండ్లకు పూర్వమే దూరదేశములలో అభ్యసించి వచ్చిరి. వారు అక్కడ చదివినదేమి, ఇంటికి తెచ్చినదేమి అని విచారించుటయే ఇక్కడ మా ఉద్దేశము.

తెనాలి రైలు కూడలి. అచ్చటినుండి ఒక దారి నిడుబ్రోలు, బాపట్ల, చీరాలల మీదుగా మద్రాసు వైపు సాగును. మరియొకటి చీలి రేపల్లెకు పోవును. 1855 నాటికి బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తి కాగా, కాలువ నీరు ఈ పల్లపు నేలలకు పారెను. వరి పండెను, ధాన్యము అమ్మగా రైతు చేతిలో నాలుగు రూకలు నిలిచెను. ఆ రూకలలో కొన్ని పిల్లల చదువులకు మరలెను. అప్పటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లేదు. అది 1926లో ఏర్పడెను. పైచదువు కోరినవాడు మద్రాసు పోవలెను. అంతకు మించి కోరినవాడు ఓడ యెక్కవలెను.

మువ్వురిలో మొదటివారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో పెనుగంచిప్రోలున జన్మించి, పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, రేపల్లె సీమలోని కూచినపూడిలోను, గుంటూరులోను బంధువుల యండన పెరిగిరి. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరిలో చిరుద్యోగము చేసి, 1911లో స్కాట్లండు వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. చదివినది అర్థశాస్త్రము. కాని ఆ విదేశవాసముననే ఆనందకుమారస్వామిగారి సాంగత్యము లభించెను. ఇరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదింపగా, 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని ప్రకటించెను. పరుల విద్య నేర్వబోయినవారు తమ విద్యను పరుల యెదుట నిలిపిరి.

స్వదేశమునకు వచ్చిన పిదప వారి అర్థశాస్త్రము పుస్తకములలో నిలువలేదు. చీరాల, పేరాల గ్రామములను ప్రభుత్వము కలిపి మునిసిపాలిటీ చేయగా, అచ్చటి సాలెలకును తక్కిన ప్రజలకును పన్నుల భారము మిక్కుటమాయెను. 1921 ఏప్రిలులో చీరాల వచ్చిన గాంధీమహాత్ముడు, ఊరు విడిచిపోవుట యొక మార్గమని సూచించిరి. సుమారు 15,000 జనములో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, దాదాపు పదునొకండు నెలలు ఎండవానల కోర్చి నిలిచిరి. వారిని నడిపిన గోపాలకృష్ణయ్యగారు చెరసాలకు పోయిరి. 1928లో 39వ యేట గతించిరి.

రెండవవారు త్రిపురనేని రామస్వామిచౌదరిగారు. జన్మస్థలము కృష్ణాజిల్లా అంగలూరు, కార్యస్థలము తెనాలి. 1914లో ఐర్లండు వెళ్ళి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, 1917లో బారిష్టరై తిరిగివచ్చిరి. 1916 ఈస్టరు పండుగనాళ్ళలో ఆ నగర వీథులలోనే ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగుబాటు చెలరేగెను. ఆరు దినములలో దానిని అణచివేసి, నాయకులను పలువురిని కాల్చి చంపిరి. తెల్లవారిలోను ఏలువారు, ఏలబడువారు కలరని తెలిసికొనుటకు అంతకంటె ప్రత్యక్షమైన పాఠము దొరకదు.

పరాయివాని పెత్తనము తప్పైనచో, మనలో ఒక కులముపై వేరొక కులము పెత్తనము ఒప్పెట్లగును? చౌదరిగారి సూతపురాణము, శంబుకవధ చదివినప్పుడు మాకు తోచు ప్రశ్న ఇదియే. వారు దానిని గ్రంథములకే వదలలేదు. పెండ్లితంతును తెలుగులో కూర్చి, తామే నిలిచి వివాహములు జరిపించిరి. వధూవరులకు తాము పలుకు ప్రమాణముల అర్థము తెలియవలెనని వారి పట్టుదల. 1925లో తెనాలి పురపాలక సంఘాధ్యక్షులైరి. గంగానమ్మకు జంతుబలి ఇచ్చు ఆచారమును మాన్పించి, అందులకు విరోధమును కూడ కొనితెచ్చుకొనిరి. 1943లో గతించిరి.

మూడవవారు ఆచార్య ఎన్.జి. రంగాగారు. 1900లో బాపట్లకు చేరువనున్న నిడుబ్రోలున రైతు కుటుంబమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి 1926లో బి.లిట్. పట్టము పొంది, పిదప మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. భారతగ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి ఆంగ్లమున వ్రాసిన గ్రంథమునకు తాము పుట్టిపెరిగిన డెల్టా పల్లెలనే ఆధారముగా గైకొనిరి. 1930 దశకమున నిడుబ్రోలులో రైతు విద్యాలయము నెలకొల్పి, అర్థశాస్త్రమును, రాజనీతిని రైతుబిడ్డలకు నేర్పించిరి. 1936లో లక్నోలో అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల నేడు వారి పేరిటి విశ్వవిద్యాలయములో భాగము.

ఇన్నిటిలో మేము పెద్దగా ఎంచునది మరియొకటి కలదు. నిడుబ్రోలులోని తమ యింటి మంచినీటి బావిని, నాడు హరిజనులని పిలువబడినవారికి రంగాగారు తెరచిరి. ఆక్స్‌ఫర్డు పట్టమునకు ఊరు సంతోషించును. బావి తెరచినందులకు ఊరు సంతోషింపదు.

ఈ మువ్వురును ఒక్క మతమువారు కారు. ఒకరు రామభక్తులు, ఒకరు పురాణవిమర్శకులు, ఒకరు రైతుపక్షపాతి. ముఖాముఖి కూర్చుండబెట్టిన పెద్ద వాదమే జరిగియుండును. కాని ముగ్గురును లోకమును చదివి, ఆ చదువును తమ యింటి గడప మీదనే పరీక్షించిరి. పన్ను, పెండ్లి, బావి వారి పరీక్షాపత్రములు.

ఆ చదువు ఎంతవరకు వ్యాపించినది? నిజము చెప్పవలెను. నాడు ఓడ యెక్కినవారు పురుషులే. పెక్కురు భూవసతి గల యిండ్లవారు. పొలములలో నాట్లు వేసిన స్త్రీలకు, వాడల బిడ్డలకు ఆ ఓడలో చోటు లేకపోయెను. ఆ లోటు ఎంత చేటు తెచ్చినదో చరిత్రయే చూపెను. చీరాల సమీపమున కారంచేడులో దళితులు త్రాగు చెరువునీటిని మలినపరచుటపై తగవు పుట్టగా, మరునాడు, 1985 జూలై 17న, వారి వాడపై దాడి జరిగి ఆరుగురు హతులైరి. 1991 ఆగస్టు 6న తెనాలికి చేరువనున్న చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైరి. నిడుబ్రోలులో ఒక బావి తెరచుకొన్న అరువది యేండ్ల పిమ్మట, అదే సీమలో, మరల మంచినీటి కొరకే నెత్తురు చిందెను. ఒక్కరు తెరచిన బావి ఊరంతటికి పాఠము కాలేదు.

మా శ్రోతలలో బిడ్డలను అమెరికాకు, ఆస్ట్రేలియాకు చదువులకు పంపినవారు అనేకులుందురు. అక్కడ ఆ బిడ్డలు పరజాతుల నడుమ తామే అల్పసంఖ్యాకులై బ్రదుకుదురు. తమ రంగును, తమ పలుకును చూచి ఎవరేని చిన్నచూపు చూచిన, అది అన్యాయమని వారికి వెంటనే తెలియును. ఆ తెలివి మిక్కిలి విలువైనది. ఏ పట్టపుకాగితమునను అది అచ్చుపడదు. సెలవులకు ఇల్లు చేరిన బిడ్డను జీతమెంత, ఉద్యోగమెక్కడ అని అడుగుట సహజమే. దానితోపాటు, అక్కడ నీకు తప్పని తోచినది మన ఊరిలోను జరుగుచున్నదా యని కూడ అడిగి, వచ్చిన జవాబును ఓపికతో విన్నచో, సముద్రము దాటిన చదువు మన ఊరికి చేరినట్లు.