పార, పాత ఫ్రిజ్, పెరటి చెట్టు



మహారాష్ట్ర సరిహద్దున ఉన్నవారికి 1993 సెప్టెంబరు 30వ తేదీ గురించి వేరే చెప్పనక్కర లేదు. వినాయక నిమజ్జనం ముగించుకొని ఊళ్ళన్నీ ఆదమరచి నిద్రపోయిన రాత్రి అది. తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. మట్టి అడుసుతో పేర్చిన బరువైన రాతిగోడలు మీద పడి వేలాది మంది మరణించారు. ఆ అదురు హైదరాబాదు దాకా తెలిసింది. దాని తీవ్రత సుమారు 6.2. దాదాపు అంతే తీవ్రత గల భూకంపం 2011లో న్యూజిలాండు దేశంలో క్రైస్ట్‌చర్చ్ అనే నగరాన్ని పడగొట్టింది. ఆ నగరం తిరిగి లేచిన కథలో ఇంటి వస్తువులకూ, పెరటి మొక్కలకూ పెద్ద పాత్రే ఉంది. ఇవాళ ఆ సంగతి ముచ్చటించుకుందాం.

క్రైస్ట్‌చర్చ్ 1850లో ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారు కట్టుకొన్న ఊరు. అంతకు ముందు అక్కడ చాలాభాగం చిత్తడి నేల. జమ్ము, నారమొక్కలు దట్టంగా పెరిగేవి. ఆ దేశపు మూలవాసులైన మావోరీలు అక్కడి ఏటిని ఓటాకారో అని పిలిచేవారు. వచ్చినవారు కాలువలు తీసి నేలను ఆరబెట్టారు. ఏటికి ఏవన్ అని పేరు వచ్చింది. తమ దేశపు చెట్లు తెచ్చి నాటారు. కాలక్రమాన దానికి ‘తోటల నగరం’ అని పేరు వచ్చింది. పైన తోటలు వచ్చాయి కాని, అడుగున ఇసుక, నీరు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

2010 సెప్టెంబరు 4న 7.1 తీవ్రతతో మొదటి భూకంపం వచ్చింది. దాని కేంద్రం నగరానికి దూరంగా ఉండడం వల్ల, పైగా అది తెల్లవారుజాము కావడం వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకు వచ్చినది తీవ్రతలో చిన్నదే. కాని అది నగరానికి అతి సమీపంలో, భూమికి కొద్ది కిలోమీటర్ల లోతులోనే పుట్టింది. 185 మంది మరణించారు.

ఆ రోజు నేలలోని తడి ఇసుక కుదుపుకు పట్టు తప్పి, గంజిలాగా జారి పైకి ఉబికింది. వీధులు, వాకిళ్ళు, పడక గదులు బూడిదరంగు బురదతో నిండిపోయాయి. అలా ఎత్తిపోసిన మట్టి నాలుగు లక్షల టన్నుల పైమాటే. అప్పుడు ఆ నగరానికి అన్నిటికన్నా విలువైన వస్తువు పార. విద్యార్థులు వేల సంఖ్యలో పారలు, తోపుడు బండ్లు పట్టుకొని వీధి వీధికీ వెళ్ళారు. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్లతో వచ్చారు. మురుగు గొట్టాలు పగిలిపోయినందున వీధుల్లో తాత్కాలిక మరుగుదొడ్లు వెలిశాయి. కొందరు తాతల కాలంలోలాగా పెరట్లో గుంట తవ్వుకొన్నారు.

కొద్ది నెలలకు మరికొన్ని వస్తువులు కొత్త కొలువులకు ఎక్కాయి. ఓడల్లో సరుకులు వేసే ఇనుప పెట్టెలు, అదే కంటైనర్లు, కొండరాళ్ళు దారి మీద పడకుండా అడ్డుగోడలయ్యాయి. 2011 అక్టోబరులో అవే రంగులు పూసుకొని దుకాణాలయ్యాయి. ఆ అంగడివీధి 2018 దాకా నడిచింది. ఒక ఖాళీ స్థలంలో అద్దం తలుపున్న పాత ఫ్రిజ్‌ను నిలబెట్టి పుస్తకాలు నింపారు. ఎవరైనా ఒకటి తీసుకొని మరొకటి పెట్టవచ్చు. గ్రంథాలయాలు మూతపడిన రోజులవి. నాణెం వేస్తే తిరిగే బట్టలు ఉతికే యంత్రాన్ని మార్చి, నాణెం వేస్తే పాట మోగేటట్టు చేశారు. పక్కనే చెక్కబల్ల మీద జనం నాట్యం చేశారు.

పాత చర్చి దెబ్బతిన్నందున జపాను వాస్తుశిల్పి షిగేరు బాన్ అట్టగొట్టాలతో కొత్తది రూపొందించారు. అది 2013లో తెరుచుకొంది. 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం తరువాత భుజ్‌లో అట్టగొట్టాల ఇల్లు కట్టినదీ ఆయనే. అక్కడ కూలిన ఇళ్ళ శిథిలాలనే పునాదిగా పోసి, పైన మన పల్లెల్లోలాగే మట్టితో అలికారు.

ఇక మొక్కల సంగతి. ఇసుక ఉబికిన ప్రాంతాలు ఇళ్ళకు పనికిరావని ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. రమారమి ఎనిమిది వేల ఇళ్ళను కొని కూల్చివేసింది. గోడలు పోయాయి, కంచెలు పోయాయి. అయితే ఆపిల్, ప్లమ్ వంటి పండ్ల చెట్లు, అక్రోటు చెట్లు, గులాబీ పొదలు చాలాచోట్ల మిగిలాయి. పచ్చిక మధ్య రెండు పండ్ల చెట్లు, ఒక పూలపొద కనిపిస్తే అక్కడ ఒక ఇల్లు ఉండేదని అర్థం. ఇంటివాళ్ళు వేరే ఊళ్ళకు వెళ్ళిపోయినా చెట్లు ఏటేటా కాశాయి. జనం వచ్చి కోసుకొన్నారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ నేలను ఏం చేయాలి? మావోరీల కాలపు చిత్తడినేలను, నారమొక్కలను, పక్షులను తిరిగి తేవాలా? లేక నిన్నటి కాపురాల గుర్తుగా పెరటి చెట్లను ఉంచాలా? ఏటి వెంబడి నేలకు 2019లో ఆమోదం పొందిన ప్రణాళిక నీటిమొక్కలకు, స్థానిక అడవికి పెద్దపీట వేసింది. న్యాయమే. ఆ నేల మొదటి స్వభావం అది. కాని ఒక తల్లి బిడ్డ పుట్టినప్పుడు నాటిన చెట్టు కూడా చరిత్రే కదా! ఒకే నేల మీద రెండు జ్ఞాపకాలు ఉన్నప్పుడు, ఒకదాన్ని నిలపడానికి రెండోదాన్ని వేళ్ళతో పెకలించకూడదు. కనీసం ఎక్కడ ఏ చెట్టు ఉండేదో రాసి పెట్టాలి.

ఏటా ఫిబ్రవరి 22న ఆ నగరవాసులు చేసే పని ఒకటుంది. రోడ్డు మరమ్మతు దగ్గర అడ్డుగా పెట్టే నారింజరంగు కోన్లు భూకంపం తరువాత వీధి వీధినా కనిపించేవి. వాటితో జనం విసిగిపోయారు. అటువంటి కోన్ల పైనున్న రంధ్రంలోనే వారు పెరటి పూలు గుచ్చుతారు. పోయినవారికి అదే నివాళి.

కిల్లారి తరువాత అక్కడా ఊళ్ళకు ఊళ్ళు కొత్త చోటికి మారాయి. జలాశయాల కింద మునిగిన ఊళ్ళవారూ మనలో ఉన్నారు. పాత ఊరిలో మీ వాకిట్లో వేప ఉండేదా, పెరట్లో కరివేపాకు ఉండేదా, రోలు ఏ మూల ఉండేది? ఇంట్లో పెద్దవారిని అడిగి రాయించండి. శాసనాలకు ఎక్కని చరిత్ర అది. అడగకపోతే వారితోనే వెళ్ళిపోతుంది.