జానపదం ఎవరిది?
బెజవాడ గాంధీనగర్‌లో ఒక డబ్బింగ్ సినిమా పోస్టరు చూశాను. హెర్క్యులిస్ చేతిలో గదకు బదులు కత్తి, కాళ్లకు తోలు పట్టీల చెప్పులు, కింద ఎర్రక్షరాల్లో ‘మహత్తర జానపదం’. గ్రీకు వీరుడు ఏ ఊరి జానపదుడో! సంస్కృతంలో జనపదమంటే జనం అడుగుపెట్టి స్థిరపడ్డ చోటు, దేశం. బుద్ధుడి నాటి పదహారు మహాజనపదాలు అలాంటివే. అక్కడివాడు జానపదుడు, పురంలో ఉండేవాడు పౌరుడు. పౌరుడికి ఇప్పుడు ఓటుహక్కు వచ్చింది, జానపదుడికి పాట మిగిలింది. నాట్లేస్తూ పాడుకునేది జానపద గేయం, సరే. సినిమావాళ్లు మాత్రం రాజకుమారి, మాంత్రికుడు, కత్తియుద్ధం ఉన్న ప్రతి కథకూ ఆ పేరే తగిలించారు. అది పౌరాణికం కాదు, చారిత్రకం కాదు, సాంఘికం అసలే కాదు, మరేమనాలి? 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఎన్టీఆర్ వేసిన తోట రాముడు మామూలు తోటమాలి ఇంటి పిల్లాడు గనుక మాట కొంత అతికింది. తర్వాత దర్శకుడు విఠలాచార్య, హీరో కత్తి కాంతారావుల కాలానికి పల్లె పోయి కోట మిగిలింది. ఇక ఆ పోస్టరులోలాంటి ప్రాచీన గ్రీకు, రోమన్ వేషాల సినిమాల్ని ఫ్రెంచి విమర్శకులు పెప్లమ్ అన్నారు. అది ఆనాటి గ్రీకు స్త్రీలు కట్టిన బట్ట పేరు. మనకు గ్రీకుల్ని పిలవడానికి అయోనియా నుంచి వచ్చిన ‘యవన’ ఎప్పటినుంచో ఉంది. హెర్క్యులిస్ వాళ్లకు జియస్ కొడుకు. ఆయన కథను జానపదం అనడం మన భీముడి కథను జానపదం అన్నట్టే. యవన పౌరాణికం అంటే సరిపోతుంది.