బైండు చేసిన చందమామలు

తెనాలి, బాపట్ల, చీరాల వైపు పాత ఇళ్లలో అటక సర్దుతుంటే ఒక్కోసారి ఇత్తడి బిందెల వెనక నుంచి లావుపాటి పుస్తకమొకటి బయటపడుతుంది. గట్టి అట్ట, వెన్నుకు కాలికో గుడ్డ, దాని మీద సిరాతో ‘చందమామ’ అన్న పేరు, పక్కన ఏ సంవత్సరమో. పన్నెండు సంచికలకూ పిన్నులు పీకేసి, దారంతో కలిపి కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అట్ట అతికించి, మూడు అంచులూ కోసి చదును చేసిన బైండు అది. తెరవగానే ఆ ఇంటి పిల్లవాడి పేరు, తరగతి, సెక్షను. పిన్నులు తుప్పు పట్టిన చోట గోధుమరంగు చుక్కలు. ఒక రాకుమారికి పెన్సిలుతో దిద్దిన మీసాలు. ఫొటో వ్యాఖ్యల పోటీ బొమ్మల కింద రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన రెండు మాటలు.

పాత పుస్తకాల వ్యాపారి ఇవన్నీ చూసి ధర తగ్గిస్తాడు. అంచులు కోసేశారు, పిచ్చిరాతలు ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ముఖచిత్రాలు లేవు. అది నిజమైన నష్టమే. బైండు లావు కాకూడదని చాలాచోట్ల పై అట్టలు చించేసేవారు. వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య వేసిన ముఖచిత్రాలు అలా ఎన్ని పోయాయో లెక్కే లేదు. అయినా ఈ బైండును తప్పుల జాబితాగా చూస్తే దాని చరిత్ర మన కంటికి ఆనదు. తెలుగు పల్లెల్లో బొమ్మల కథల పుస్తకాలు దాచుకునే అలవాటు ఎలా పుట్టింది, ఎందుకు పుట్టింది అన్నది ఆ కుట్టులోనే ఉంది.

పిల్లల కోసం ప్రత్యేకంగా తెలుగులో పత్రిక అన్న ఆలోచన చందమామతో మొదలైంది కాదు. 1945లోనే రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసు నుంచి ‘బాల’ తెచ్చారు. రెండేళ్లకు, 1947 జులైలో, స్వాతంత్ర్యానికి కొద్దిగా ముందు, చందమామ తెలుగు, తమిళ భాషల్లో వెలువడింది. పెట్టుబడి, అచ్చు యంత్రాంగం బి. నాగిరెడ్డివి. పత్రిక ఎలా ఉండాలన్న ఊహ చక్రపాణిది. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, ఊరు తెనాలి పక్కన ఐతానగర్. క్షయ వ్యాధికి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలను తెలుగు వాళ్ల ఇళ్లలోకి తెచ్చిన మనిషి. కథ అచ్చంగా నోటితో చెప్పినట్టే ఉండాలన్న పట్టుదల చందమామ వాక్యంలో కనిపిస్తుంది.

1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ వాక్యాన్ని కాపాడింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయనదీ తెనాలే. బేతాళుడు విక్రమార్కుడికి చెప్పిన పాతిక కథలూ అయిపోతే, అదే చట్రంలో కొత్త కథలు ఏళ్ల తరబడి నడిచాయి. పిల్లలకు ఎక్కడ పాతది ఆగి కొత్తది మొదలైందో తెలియనే తెలియదు. ఇక రంగుల బొమ్మలతో నెలనెలా వచ్చిన సాహస సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన పుట్టింది కూడా తెనాలి ప్రాంతంలోని పెదగాదెలవర్రులో. తోకచుక్క, మకర దేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం... ఈ పేర్లు వింటే ఇప్పటికీ అరవై దాటిన వాళ్ల ముఖాలు వెలుగుతాయి. రాసినవారి పేరు మాత్రం పత్రికలో ఉండేది కాదు. కథ చదివిన లక్షల మందికి దాసరి ఎవరో చాలా ఆలస్యంగా తెలిసింది. 2010లో ఆయన విజయవాడలో చనిపోయాకే ఆయన మీద పేజీలకు పేజీలు వచ్చాయి. గుంటూరు జిల్లాలో ఒకే పట్టణం చుట్టుపక్కల నుంచి వెళ్లిన ముగ్గురు మనుషులు మద్రాసు వడపళనిలో కూర్చుని ఒక దేశపు బాల్యానికి కథలు చెప్పారంటే, ఆ గడ్డ మీది వాళ్లు గర్వపడాల్సినంత పడలేదనే చెప్పాలి.

బొమ్మలు వేసినవాళ్లు మాత్రం సంతకం చేసేవారు. దాసరి సీరియళ్లకు ‘చిత్ర’, బేతాళ కథలకు శంకర్. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానం మధ్య నడక: ఆ ఒక్క బొమ్మ చాలు శంకర్ పేరు చెప్పడానికి. ఆయన 2020 దాకా మన మధ్యే ఉన్నారు.

చందమామను కామిక్స్ అనవచ్చా అని పట్టుబట్టి అడిగితే, అనకూడదు. గడులు లేవు, పాత్రల నోటి నుంచి బుడగలు రావు. గడుల్లో కథ నడిపిన తెలుగువాడు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు, అసలు పేరు సుబ్బరాయశాస్త్రి. ఆయన ‘డుంబు’ తెలుగు పిల్లలను నవ్వించింది. ఆయన పంచతంత్రం బొమ్మలు 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చి దేశమంతా తిరిగాయి. బొంబాయి నుంచి 1964లో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ అమర చిత్ర కథ వచ్చాయి. అమర చిత్ర కథలు తరవాత తెలుగులోనూ దొరికాయి. విజయ బాపినీడు ‘బొమ్మరిల్లు’, ఇంకా ‘బాలమిత్ర’ చందమామ పక్కనే బడ్డీకొట్ల తాడుకు వేలాడేవి. కానీ పల్లెటూరి ఇంట్లో ‘బొమ్మల పుస్తకం’ అంటే ముందుగా చందమామే. ఏ పేజీ తిప్పినా కథతో పాటు బొమ్మ. అక్షరాలు రాని చెల్లి బొమ్మ చూసేది, వచ్చిన అన్న చదివి వినిపించేవాడు.

అసలు ఒక సంచికను చదివింది ఎందరు? ఈ ప్రశ్నకు అమ్మకాల లెక్కల్లో జవాబు దొరకదు. నల్లరేగడి పల్లెల్లో మాఘ ఫాల్గుణాలు మిరప కోతల కాలం. కోసిన కాయను కల్లంలో పరిచి ఎండబెడతారు. పెద్దవాళ్లు చేలో ఉంటే, కాయను మేకలు తొక్కకుండా, అకాల వానకు పట్టా కప్పేందుకు ఒక పిల్లవాడిని కాపలా పెడతారు. ఎర్రటి కాయల ఘాటులో, చెట్టు నీడన, మాస్టారింటి నుంచో కరణం గారింటి నుంచో అడిగి తెచ్చుకున్న చందమామ. సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి, ఎందుకంటే ఇంకొకడు వంతు కోసం కాచుకుని ఉంటాడు. పత్తి తీతల రోజుల్లోనూ ఇదే వరస. అలా పది ఇళ్లు తిరిగిన సంచిక నెలాఖరుకు మెత్తబడి, మూలలు మడతపడి, వేలిముద్రలతో సొంతింటికి చేరేది.

పుస్తకాన్ని పదిమందికీ అందేలా ఉంచడం ఈ ప్రాంతానికి చందమామకన్నా ముందే తెలుసు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పట్లో గుంటూరు జిల్లా, తరవాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారినా ఆ గ్రంథాలయం పాత తెలుగు పత్రికలను వరసగా దాచుతూనే ఉంది. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో చీరాల స్టేషన్‌లో దిగి అక్కడికి వెళతారు.

ఇళ్లలో బైండు అలవాటుకు అసలు కారణం సీరియల్. పాతాళదుర్గం ఒక నెలలో అయిపోదు. నెలకు కొన్ని పేజీలు చదివి, నాయకుడు కొండచరియ మీద వేలాడుతుండగా ముప్పై రోజులు ఆగాలి. కథ పూర్తయ్యాక మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదవాలన్న ఆశ పుడుతుంది. విడి సంచికలైతే ఒకటి చిన్నత్త ఇంట్లో, ఒకటి పొరుగింట్లో ఉంటాయి. అందుకని వేసవి సెలవులు రాగానే సంచికలన్నీ పోగేసి గుంటూరుకో తెనాలికో పంపేవారు. బైండరు రెండు వారాల్లో కుట్టి ఇచ్చేవాడు. మళ్లీ చదవడానికే ఆ ఖర్చు. ధర పెరుగుతుందని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అప్పట్లో పాత చందమామకు ఉన్న ధర చిత్తుకాగితం ధరే.

బైండు కుట్టించిన రోజులకూ, పాత చందమామకు ధర వచ్చిన రోజులకూ మధ్యలో ఒక దశ ఉంది, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దశ. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ కాలిబాట. చిత్తుకాగితాల బండి మీద వెళ్లిపోవాల్సిన బైండ్లను ఈ కొట్లవాళ్లు విడదీసి పక్కన పెట్టారు. తెలుగు పాఠకులు వాళ్లకు రుణపడి ఉన్నారు.

ధర మాట ఎక్కువగా వినిపించడం పత్రిక తడబడ్డాకే. 1998లో చందమామ ఆగింది, మరుసటి ఏడు చివర్లో మళ్లీ లేచింది. 2007లో జియోడెసిక్ అనే ముంబై కంపెనీ చేతికి వెళ్లింది. 2013 నాటికి పూర్తిగా ఆగిపోయింది. ఇక కొత్త సంచిక రాదని తేలాక పాతవాటి కోసం వెతుకులాట పెరిగింది. చిన్నప్పటి సంచిక కోసం తపించేవాళ్లతో పాటు, కొని దాచి ఎక్కువకు అమ్ముదామనుకునేవాళ్లూ అప్పుడే తయారయ్యారు.

ఈ రెండో దారి ఎటు పోతుందో అమెరికా కామిక్స్ చరిత్ర స్పష్టంగా చెబుతుంది. 1938లో సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వెల 10 సెంట్లు. అక్కడి పిల్లలూ మన పిల్లల్లాగే చదివి, మార్చుకుని, చింపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం సేకరణకు లెక్కలేనన్ని కామిక్స్ వెళ్లిపోయాయి. మిగిలినవి కొన్నే కాబట్టి 2024లో ఒక ప్రతి 60 లక్షల డాలర్లు పలికింది. ఇలాంటి ధరల ముచ్చట్లు 1980ల నుంచే వింటూ వచ్చిన జనం 1990ల మొదట్లో కొత్త కామిక్స్‌ను కట్టలు కట్టలుగా కొని విప్పకుండా దాచారు. 1991లో ఎక్స్-మెన్ మొదటి సంచికను అయిదు వేర్వేరు ముఖచిత్రాలతో వేస్తే 80 లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడయ్యాయి. అందరూ దాచిన వస్తువు అరుదు ఎలా అవుతుంది? కొద్ది ఏళ్లలో మార్కెట్ కుప్పకూలింది, దుకాణాలు మూతపడ్డాయి, 1996 చివర్లో మార్వెల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ కట్టలు ఇప్పటికీ కారుచౌకగా దొరుకుతాయి. 2000 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. సీజీసీ అనే సంస్థ కామిక్‌కు పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తుంది. పెట్టె తెరిస్తే ఆ మార్కు చెల్లదు. అంటే పుస్తకం చదివితే ధర పోతుంది.

ధర కోసం సరుకు దాచడమంటే ఏమిటో గుంటూరు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మిర్చి యార్డుకు వచ్చిన టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ధర నచ్చకపోతే రైతు దాన్ని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. నెలలు గడిచాక అదే ‘ఏసీ కాయ’గా బయటికి వస్తుంది. ఒక ఏడు లాభం, ఒక ఏడు అద్దె కూడా రాదు. పంట మీద బతికేవాడికి ఆ జూదం తప్పదు. అయినా ఆ కాయ చివరికి ఎవరి ఇంటి పచ్చడిలోనో పడుతుంది. సీలు వేసిన పుస్తకానికి ఆ యోగం కూడా లేదు. పిల్లల కథను ఎవరూ చదవకుండా ఉంచడానికి డబ్బు కట్టడం చూస్తే బాధ కలుగుతుంది.

తెలుగు అభిమానులు వేరే దారి పట్టడం సంతోషించాల్సిన విషయం. తమ దగ్గరున్న బైండ్లను పేజీ పేజీ స్కాన్ చేసి ఒకరికొకరు పంచుకున్నారు. ఒకరి దగ్గర లేని 1950ల సంచిక మరొకరి అటక నుంచి వచ్చింది. బైండరు చించేసిన ముఖచిత్రం ఎవరో విడిగా దాచుకున్న సంచికలో దొరికింది. దాసరి సీరియళ్లను బొమ్మలతో సహా పుస్తకాలుగా మళ్లీ అచ్చు వేయించిందీ ఇలాంటి పాఠకులే. వేలు పోసి అసలు ప్రతి కొనలేని వాళ్ల చేతుల్లోకి రాకాసిలోయ అలా తిరిగి వచ్చింది. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం కూడా ఈ కోవకే చెందుతుంది. లంకా సూర్యనారాయణ జీవితమంతా ఊరూరా తిరిగి పోగుచేసిన పుస్తకాలు అక్కడ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అంత సేకరణను విడివిడిగా అమ్ముకుంటే ఎంత వచ్చేదో ఊహించవచ్చు. ఆయన అలా అమ్ముకోలేదు.

చదువుకోవడం అంటే పాడుచేయడం కాదు. పాత న్యూస్‌ప్రింటు పెళుసుబారి ఉంటుంది కనుక బైండును బల్ల మీద పెట్టి, వెన్ను విరగకుండా సగం దాకా తెరిచి చదవాలి. చిరిగిన చోట సెల్లోటేపు వేయకూడదు, అది కొన్నేళ్లకు పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. గోడకు ఆనించకుండా, తేమ తగలని చోట పెట్టి, ఏడాదికి రెండుసార్లయినా తీసి దుమ్ము దులిపితే పురుగు చేరదు. తరచూ తెరిచే పుస్తకానికి చెద పట్టిన సంగతి వెంటనే తెలుస్తుంది. మూటగట్టి మరచిపోయినదానికే అసలు ప్రమాదం.

మీ ఇంటి అటక మీద అలాంటి బైండు ఉంటే ఈ వేసవిలో కిందికి దింపండి. బేతాళ కథ ఒకటి పిల్లలకు పైకి చదివి వినిపించండి. ఇంట్లో చదివేవాళ్లు లేకపోతే కాటాకు వేయకండి; వేటపాలెం గ్రంథాలయానికో గుంటూరు గ్రంథాలయానికో ఫోను చేసి, వాళ్ల దగ్గర ఆ సంవత్సరం సంచికలు ఉన్నాయో లేవో అడగండి.